బంగారక్క గొంతు

బళ్లారి రంగస్థల చరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగా 1887వ సంవత్సరముతో మొదలిడుదురు. ఆ యేడు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి 'చిత్రనళీయము' ఈ పట్టణమున ప్రదర్శింపబడెను; మూడేండ్ల తరువాత, 1890లో, ఆయన స్థాపించిన సరస వినోదినీ సభ తెలుగు నాటకమునకు ఒక విద్యాపీఠమై వెలసెను; ఆంధ్ర నాటక పితామహుడను బిరుదము ఆయనకు శాశ్వతముగా దక్కెను. ఈ చరిత్ర సత్యము, గౌరవింపదగినది. కాని అదే బళ్లారి సీమలో, హగరి యని పిలువబడు వేదవతికి ఇరుగడలనున్న పల్లెలలో, అంతకు ఎన్నియో తరముల ముందునుంచి, ఆముదపు దీపముల వెలుగులో, తెల్లని పంచెల తెరపై ఒక రంగుల తోలుబొమ్మ నడుము త్రిప్పుచు పాడుచుండెను. ఆమె సీత కాదు, ద్రౌపది కాదు. రామాయణ భారతములలో ఆమెకు చోటే లేదు. ఆమె పేరు బంగారక్క. మహాపాత్రల నడుమ చిన్నపాత్రగా వచ్చి, ఒక పాట పాడి, ఊరినంతను నవ్వించి మరలిపోవు ఈ స్త్రీని గూర్చి పండితులు వ్రాసినది మిక్కిలి స్వల్పము. తెలుగు రంగమున స్త్రీ తన సొంత గొంతుతో పాడిన చరిత్రకు మొదటి పుట ఆమెయేనని నా దృఢవిశ్వాసము. ఆ విశ్వాసమునకు గల ఆధారములను చెప్పుటకే ఈ వ్యాసమును పూనితిని.

తోలుబొమ్మలాట మనకు క్రొత్తది కాదు. పాల్కురికి సోమనాథుని కాలమునకే అది శివరాత్రి జాగరములలో వెలయుచున్న వినోదమని 'పండితారాధ్య చరిత్ర' వలన ఊహింపవచ్చును. ఐతే బళ్లారి, అనంతపురము, రాయదుర్గము, ఆదవాని ప్రాంతములలో ఈ విద్యను కులవృత్తిగా నిలుపుకొన్న కుటుంబములు పెక్కు మరాఠీ సంబంధమైన మాటను ఇంట మాటలాడుకొనునవి. కన్నడిగులు వీరిని కిళ్లెక్యాతలనియు, శిళ్లెక్యాతలనియు వ్యవహరింతురు. తెలుగు పల్లెలలో బొమ్మలాటవాళ్లన్నచో చాలును, ఎవరో తెలిసిపోవును. ఇంటిలో ఒక భాష, ఆటలో రెండు భాషలు: ఇది ఈ సరిహద్దు సీమ వారికి నేర్పిన విద్య. తెలుగు ఊరిలో దిగినప్పుడు రంగనాథ రామాయణపు ద్విపద, కన్నడ ఊరిలో దిగినప్పుడు కుమారవ్యాసుని భారతమో, తొరవె రామాయణమో; రెండు భాషలును కలిసి పారు ఊరిలో ఐతే పద్యము ఒక భాషలోను, దాని వెనుక వచ్చు హాస్యము మరియొక భాషలోను సాగిపోవును. 1800వ సంవత్సరమున నిజాము ఈ మండలములను కుంఫిణీవారికి దత్తము చేయకమునుపును, చేసిన పిమ్మటను, పాలకులు మారిన కొలది కచ్చేరీల భాష మారెనేగాని, బొమ్మలాట మాత్రము ఆ యూరి నోటి భాషనే నమ్ముకొనియుండెను.

ఆట వెనుకనుండి చూచినవానికి మాత్రమే దాని నిర్మాణము తెలియును. మేకతోలును శుభ్రపరచి, గీకి, వెలుగు చొరబారునంత పలుచగా చేసి, దానిపై రూపము గీసి, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగులు నింపుదురు. దేవతల బొమ్మలకు పూర్వము జింకతోలు వాడెడివారు. పిదప చిన్న చిన్న ఉలులతో ఆభరణములున్న చోటులనెల్ల రంధ్రములు కొట్టుదురు. వెనుకనున్న దీపకాంతి ఆ రంధ్రములగుండా వచ్చునప్పుడు తెరకు ఇవతలనున్నవారికి అవి రత్నములై మెరయును. పని లేని పాత్రలను ఈతముళ్లతో తెరకు గ్రుచ్చి నిలుపుదురు. కావున రావణుని కొలువు తీరినప్పుడు, మాటలాడనివారు కదలక నిలిచియుండ, మాటలాడువాడొక్కడే కదలును. మృదంగము, తాళములు, ముఖవీణ, తరువాతి కాలమున హార్మోనియము, ఇవి వాద్యములు. యుద్ధ ఘట్టము వచ్చినప్పుడు కాళ్లక్రింద వేసికొన్న చెక్క పలకలను దభదభ త్రొక్కుదురు. ఆముదపు దీపముల కాలము పోయి పెట్రోమాక్సు లాంతరులు వచ్చెను, అవియు పోయి విద్యుద్దీపములు వచ్చెను. ఆముదపు దీపము గాలికి అల్లాడినప్పుడు బొమ్మ ఊపిరి తీయుచున్నట్లు తోచెడిదనియు, బల్బు వెలుగులో ఆ ప్రాణము పోయినదనియు పెద్దలు చెప్పుదురు. వారి మాటలో నిజమున్నది.

తెర వెనుక ఆడించువాడు పురుషుడు. నడుము బెత్తమును ఒక చేతను, బొమ్మ చేతుల పుల్లలను మరియొక చేతను పట్టి, తానును బొమ్మతోపాటు ఊగుచు, పద్యము నెత్తును. వాని ప్రక్కనే, తరచుగా ఒడిలో బిడ్డను పెట్టుకొని, అతని భార్యయో, తల్లియో, వదినయో కూర్చుండును. ఆడు బొమ్మ తెరమీదికి వచ్చినంతనే గొంతు ఆమెది. సీత అశోకవనమున విలపించినను, శూర్పణఖ పర్ణశాల ముంగిట వయ్యారములు పోయినను, ద్రౌపది సభలో ప్రశ్నించినను, ఆ పలుకు, ఆ పాట, ఆ యేడ్పు నిజముగా ఒక స్త్రీవే. దీనిని ప్రేక్షకులు గమనింపరు. గమనింపనక్కరలేకుండుటయే ఆ విద్యలోని నేర్పు. కాని చరిత్రను వ్రాయువారు గమనింపవలసియుండెను. పురుషుడు స్త్రీవేషము వేయుటయే సర్వత్ర ఆచారమై, వీధిభాగవతములోను, యక్షగానములోను, పిమ్మట సభల నాటకములలోను ఆ కట్టుబాటు సాగుచున్న దినములలో, స్త్రీపాత్రకు స్త్రీయే గొంతునిచ్చు పద్ధతి ఈ తోలుతెర వెనుక నిరాటంకముగా వర్ధిల్లినది. ముఖము కనబడకపోవుటయే ఆమెకు రక్ష, స్వేచ్ఛ.

ఆ స్వేచ్ఛ పూర్ణముగా వికసించినది బంగారక్క పాత్రలో. విఘ్నేశ్వరుని, సరస్వతిని తెరపై నిలిపి స్తుతి ముగించిన వెంటనే హాస్యపాత్రల వంతు వచ్చును. కన్నడపు ఊళ్లలో ఈమె మగడు కిళ్లెక్యాతుడు. నల్లనివాడు, చప్పిముక్కు, మోటు పెదవులు, రేగిన జుట్టు. తెలుగు వైపు జుట్టుపోలిగాడు ఆమె మగడు. నడుమ కేతిగాడు దూరి సరసములాడుచు తగవు పెట్టును. బంగారక్కకు సిగనిండ పువ్వులు, ముక్కున నత్తు, చేతులనిండ గాజులు. నాట్యమాడవలసినది కావున మెడ, నడుము, మోచేతులు కీళ్లతో కదలునట్లు కట్టిన బొమ్మ. రాముని బొమ్మకు లేని కదలిక ఆమెకున్నది. మహాపాత్ర గంభీరముగా నిలిచియుండును, చిన్నపాత్ర క్షణముసేపైన నిలువదు. మగని సోమరితనమును, అత్త ఆరళ్లను, కరణము లెక్కలను, షాహుకారు వడ్డీలను, ఊరిలో నిన్న మొన్న జరిగిన వింతలను ఆమె పాటగా కట్టి పాడును. ఆ పాటలలో మోటు శృంగారము కలదు. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. పగలు పెద్దలయెదుట తలవంచి నడచు స్త్రీ, రాత్రి తెరచాటున బంగారక్కయై, అదే పెద్దల గుట్టు విప్పి పాడుచుండగా, ఆ పెద్దలే ముందు వరుసలో కూర్చుండి నవ్వుచుందురు.

సంగీతదృష్టితో చూచినచో ఇది సామాన్యమైన పని కాదు. ఒక్క గొంతే సీతయై శోకమును పలికి, మరునిమేషమున బంగారక్కయై వెక్కిరింతను పలుకవలెను; శ్రుతి తప్పరాదు, పాత్ర తప్పరాదు, తెల్లవారువరకు గొంతు జీరపోరాదు. శాస్త్రగ్రంథము చదువని ఆ స్త్రీ నాలుగు రాత్రులు వరుసగా ఈ పని చేయగలిగినది. మహాగాయనుల గాత్రసాధనను గూర్చి మనము గ్రంథములు వ్రాసితిమి. ఈమె సాధనను గూర్చి ఒక పుట వ్రాయకపోవుట నాకు ఖేదము కలిగించును.

ఈ ఆట వట్టి వినోదమే కాదు. వానలు కురియనప్పుడు, పశువులకు తెగులు సోకినప్పుడు, ఊరివారు బొమ్మలాటవారిని పిలిపించి ఆడింతురు. బళ్లారి సీమ కరువునకు పుట్టినిల్లు. 1876 నుండి 1878 వరకు సాగిన ధాత కరువున మదరాసు రాజధానిలో అత్యంత దారుణముగా దెబ్బతిన్న జిల్లాలలో ఇది యొకటి. అటువంటి సీమలో, వానకొరకు ఆడించిన ఆటలోనైన బంగారక్క లేకుండ కథ మొదలు కాదు. ఏడ్వవలసిన కాలమున నవ్వును ముందు పెట్టుకొన్న ఆ గ్రామీణుల ధైర్యమునకు నేను నమస్కరింతును.

ఇక పట్టణము సంగతి. ధర్మవరము వారు న్యాయవాది. మొదట కన్నడమున నాటకము వ్రాసి, పిదప తెలుగునకు మరలినవారు. ధార్వాడ, మహారాష్ట్ర ప్రాంతములనుండి వచ్చిన నాటకసమాజముల పాటలు బళ్లారి ప్రేక్షకులను ముగ్ధులను చేయుచున్న కాలమది. ఆయన తన నాటకములలో పద్యములతోపాటు పాటలను విరివిగా చేర్చెను. తెలుగు నాటకము గాననాటకమగుటకు ఆయన చూపిన త్రోవ ప్రధాన కారణము. 'విషాద సారంగధర'తో విషాదాంత నాటకమునకు తెలుగున మొదట చోటు కల్పించినవాడును ఆయనయే. ఆయనకు సమకాలికుడైన కోలాచలం శ్రీనివాసరావుగారు చారిత్రక నాటకములను వ్రాయుటయేగాక, ప్రపంచ నాటకచరిత్రను ఆంగ్లమున రచించిన విద్వాంసుడు. ఆయన ప్రోత్సాహమున సుమనోరమ సభ వెలసెను. ఒక జిల్లా పట్టణమున ఇద్దరు న్యాయవాదులు, రెండు సభలు, పరస్పర స్పర్ధతో ఒక భాషయొక్క నాటకమును నిర్మించుట అపూర్వము. కాని ఆ రెండు సభలలోను చిత్రాంగి వేషము, దమయంతి వేషము మగవారివే. గౌరవకుటుంబముల స్త్రీలు రంగమెక్కుట ఊహకు కూడ అందని కాలమని సమాధానము చెప్పుదురు. ఆ పట్టణమునకు రెండు మూడు క్రోసుల దూరముననే, తెరచాటుననైన, స్త్రీ పాడుచుండెనను సంగతి ఆ సభికులకు తెలియకపోలేదు; దానిని వారు నాటకముగా లెక్కింపలేదు, అంతే.

ఆ తెరను దాటి స్త్రీ ఇవతలికి వచ్చిన ఘట్టము బళ్లారిలో కాక, కడప జిల్లాలోని సురభి గ్రామమున జరిగినది. 1885లో అక్కడ వనారస గోవిందరావుగారు 'కీచకవధ'ను ఆడించిరి. అదియే సురభి నాటక సమాజమునకు ఆరంభము. ఈ వనారస వంశీయులు ఎవరు? మరాఠీ సంబంధమైన ఆరె కుటుంబములవారు. తరతరములుగా తోలుబొమ్మలు ఆడించుకొని బ్రతికినవారు. బొమ్మను ప్రక్కన పెట్టి తామే వేషము కట్టిన దినమున, అంతవరకు బొమ్మకు గొంతునిచ్చిన భార్యలును, బిడ్డలును కూడ వారితోపాటు రంగమెక్కిరి. సురభిలో స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట సంస్కరణోద్యమ ఫలితమని నేను భావింపను. తెర వెనుక అలవాటైన పద్ధతియే తెర ముందునకు నడచివచ్చినది. నేను మొదట చెప్పిన విశ్వాసమునకు ఇదియే ముఖ్యాధారము. ఉపన్యాసములు, తీర్మానములు చేయలేని పనిని ఒక వృత్తికుటుంబము సహజముగా చేసికొనిపోయినది.

తరువాతి కథ మరింత ఆశ్చర్యకరము. 1932లో మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలయ్యెను. దానికి ఆధారము ధర్మవరము వారి ప్రహ్లాద నాటకము; దానిని ఆడి ప్రసిద్ధము చేసినవారు సురభివారు; లీలావతిగా పాడి నటించినది సురభి కమలాబాయి. బళ్లారి న్యాయవాది కలమునుండి వెలువడిన మాట, బొమ్మలాటవారి వంశవిద్యలో పెరిగిన గొంతు, ఈ రెండును కలిసియే తెలుగు చలనచిత్రమునకు తొలిపలుకైనవి. నాలుగేండ్ల పిదప, 1936లో, 'ద్రౌపదీ మానసంరక్షణము' అను చిత్రమున ద్రౌపదిగా కమలాబాయి, దుర్యోధనుడుగా బళ్లారి రాఘవ ఎదురెదురుగా నిలిచిరి. ఆ చిత్రము ధనార్జనలో విఫలమయ్యెను. దానికి పోటీగా వచ్చిన 'ద్రౌపదీ వస్త్రాపహరణము' దానిని మించిపోయెను. ఐనను చరిత్రదృష్టికి ఆ రెండు ముఖముల సమావేశము చిన్న విషయము కాదు.

రాఘవాచార్యులవారు 1880లో తాడిపత్రిలో జన్మించి, ధర్మవరము వారికి మేనల్లుడై, బళ్లారి పేరునే ఇంటిపేరుగా మార్చుకొన్న మహానటుడు. మేనమామ నాటకములోనికి తెచ్చిన పాటను మేనల్లుడు అదుపులో పెట్టబూనెను. పాత్ర చచ్చుచున్న సమయమున కూడ రాగాలాపన సాగించి, వన్స్ మోర్ కేకలకు మరల లేచి పాడు ఆచారమును ఆయన సహింపలేకపోయెను. పాట పాత్రకు లోబడవలెనని ఆయన వాదము. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెననుట ఆయన రెండవ పట్టుదల. పి.వి. రాజమన్నారుగారి 'తప్పెవరిది' వంటి నాటకములలో కొమ్మూరి పద్మావతీదేవి మొదలగు విద్యావతులను ఆయన రంగమునకు తెచ్చెను. ఈ రెండు సిద్ధాంతములును ఆధునికములని, పాశ్చాత్య నాటకరంగ పరిచయము వలన పుట్టినవని వ్రాయుచుందురు. ఉండవచ్చును, 1927 ప్రాంతమున ఆయన ఇంగ్లాండు వెళ్లి బెర్నార్డు షా వంటివారిని కలిసివచ్చెను. కాని ఆ రెండు సిద్ధాంతములను ఏ సిద్ధాంతమును ఎరుగకయే ఆచరించినది బొమ్మలాట. బంగారక్క పాట ఎన్నడును బంగారక్కను మించి సాగలేదు. మగనిని దెప్పుటకు ఎంత పాట కావలెనో అంతయే పాడినది. సీత ఏడ్పులో సంగతులు వేసి చప్పట్లు కొట్టించుకొన్న బొమ్మలాటగత్తెను ఎవరును చూడలేదు, ఏలయన ఆమెను చూచుటకే వీలులేదు.

సముద్రముల కావల కూడ ఇటువంటి చిన్నపాత్ర ఒకటి పుట్టినది. 1934లో డిస్నీ సంస్థవారు 'ఆర్ఫన్స్ బెనిఫిట్' అను బొమ్మల చిత్రమున క్లారా క్లక్ అను కోడిపెట్టను ప్రవేశపెట్టిరి. ఆమె అపెరా గాయని. ఎంత గంభీరమైన కృతినైనను కొక్కొక్కొ యనుచు కూసి పాడును. 1936లో, రాఘవయు కమలాబాయియు ఎదురుపడిన ఏడే, 'మిక్కీస్ గ్రాండ్ అపెరా' అను చిత్రమున ఆమె డొనాల్డ్ బాతుతో జంటగా పాడెను. ఆ కూతకు గొంతునిచ్చినది ఫ్లోరెన్స్ గిల్ అను ఇంగ్లీషు స్త్రీ. ఆ రోజులలో అటువంటి చిత్రములపై గొంతులవారి పేర్లు వేయు ఆచారము లేకుండెను. పాటను వెక్కిరించుటకు పాట బాగుగా తెలిసియుండవలెను. శ్రుతిని చెదరనీయక కూతగా మార్చుటకు శిక్షితమైన కంఠము కావలెను. తెరపైన హాస్యపు బొమ్మ, తెర వెనుక నిజమైన గాయని, ఆ రెంటి నడుమ పేరు లేని తనము: బళ్లారి పల్లెలకు, హాలీవుడ్డుకు మధ్య ఈ పోలిక యాదృచ్ఛికము కాదనియు, నవ్వించు స్త్రీ పనిని విద్యగా లెక్కింపని లోకపు తీరు అంతటను ఒక్కటేననియు నాకు తోచును.

1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు బళ్లారి జిల్లా చీలిపోయెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు, బళ్లారి పట్టణము మైసూరునకు దక్కెను. నాటకసభల వారసత్వము ఏ రాష్ట్రమునకు చెందునని పెద్దలు వాదులాడుకొనిరి. బొమ్మలాటవారికి మాత్రము ఆ గీత ఎన్నడును కనబడలేదు. వారి తిరుగుడు ఊళ్లు రెండు వైపులను ఉండెను. వారిని నిలువునను క్రుంగదీసినది సరిహద్దు కాదు, టూరింగు టాకీసు. పదేండ్లలో పల్లెలనుండి పిలుపులు తగ్గెను. ధర్మవరము సమీపమున నిమ్మలకుంట గ్రామమువారు తోలుపై తమ చేతిపనిని దీపపు తొడుగులుగాను, గోడబొమ్మలుగాను మార్చుకొని నిలద్రొక్కుకొనిరి. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించెను. బళ్లారిలో బెళగల్లు వీరణ్ణగారు గాంధీ జీవితమును, స్వాతంత్ర్య పోరాటమును తోలుబొమ్మలతో ఆడి, క్రొత్త కథలకు ఆ విద్య తగునని నిరూపించి, 2023లో ప్రమాదవశమున గతించిరి.

నిమ్మలకుంట బొమ్మ నేడు దేశదేశముల ఇండ్ల గోడలపై వ్రేలాడుచున్నది. కాని గోడమీది బంగారక్కకు గొంతు లేదు. సభ్యతపేర ఆమె పాటలను ఆటలనుండి తగ్గించిరి. ప్రభుత్వపు ప్రదర్శనలకు గంట, గంటన్నర గడువు నిర్ణయింపబడగా మొదట కోతపడునది ఆమె ఘట్టమే. రామాయణ ఘట్టములు గ్రంథములలోనున్నవి, పోయినను దొరకును. బంగారక్క పాట ఏ గ్రంథములోను లేదు. తల్లి నోటినుండి కోడలి నోటికి వచ్చినది.

2025లో, బళ్లారికి పొరుగుననున్న కొప్పళ జిల్లా మోరనాళ గ్రామవాసి భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్లెక్యాతరగారికి, తొంబదియేండ్లు దాటిన వయస్సున, పద్మశ్రీ ప్రకటింపబడెను. తెర వెనుక కూర్చున్న స్త్రీకి అంతటి గౌరవము దక్కుట మిక్కిలి సంతోషకరము. ఆ తరమువారు ఇంకను కొందరు ఈ సీమ పల్లెలలో ఉన్నారు. బళ్లారిలో రాఘవ పేర కట్టిన కళామందిరమున్నది, సంవత్సరమెల్ల నాటకములు జరుగుచునే యుండును; ఆ మందిరమున ఒక రాత్రి, గడియారము చూడక, ఆ వృద్ధస్త్రీలను కూర్చుండబెట్టి, వారికి జ్ఞాపకమున్నంతవరకు బంగారక్క పాటలను, మోటువానిని కూడ విడువక, పాడించి, ధ్వనిముద్రణ చేసి, తెలుగు కన్నడములు రెంటను అచ్చొత్తించు పనిని నాటకాభిమానులు ఈ యేడే చేపట్టవలెనని కోరుచున్నాను.